ఇచ్చోడలో లొకేషన్ అడ్వాంటేజ్

మన గడ్డకు బహుళజాతి కంపెనీ వస్తోందని మంత్రిగారు కరీంనగర్‌లో ప్రకటించారు. ఏ కంపెనీ అని విలేకరులు అడిగితే "పెద్దది" అన్నారు. ఆధారం రెండు లైన్ల ఈమెయిల్: 'మా ప్రతినిధి ఇచ్చోడ చూడటానికి వస్తున్నారు.' మిగతాదంతా మంత్రిగారి విజన్.

కంపెనీలు పరాయి దేశాలకు ఎలా వెళ్తాయో ఇరవై రెండేళ్లుగా డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతున్నాను కాబట్టి నన్ను సలహాదారుగా వేసుకున్నారు. నేను మహారాష్ట్ర దాకా వెళ్లింది ఒక్కసారి, అదీ పెళ్లికి. అయినా నలభై పేజీల నోట్ రాశాను. కంపెనీ వస్తూనే ఫ్యాక్టరీ కట్టదు, ముందు స్థానికుల దగ్గర సరుకు కొని చూస్తుంది అని నాలుగో పేజీలో ఉంది. మంత్రిగారు అట్ట చూసి మెచ్చుకున్నారు.

ప్రతినిధి వచ్చే రోజే ఇచ్చోడలో ఫ్యాక్టరీకి శంకుస్థాపన అన్నారు. వేదిక ఈశాన్యంలోనే ఉండాలన్నాడు వాస్తు పండితుడు. అక్కడ నా పాత విద్యార్థిని యాస్మీన్ సీతాఫలం గుజ్జు తీసే షెడ్డు ఉంది.

"ప్రొఫెసర్ సాబ్, ఏమంటరు?" అని మంత్రిగారు నన్నడిగారు.

"దీన్నే లొకేషన్ అడ్వాంటేజ్, అంటే స్థలబలం, అంటారు సార్" అన్నాను. సాయంత్రానికి షెడ్డు లేదు.

యాస్మీన్ పరుగున వచ్చింది. "జర ఆగుమని ఒక్క మాట చెప్పకపోతిరి సార్! పదకొండు మంది ఆడోళ్లం ఏం తినాలె? బయట కంపెనీలకు సాంపిల్ పంపుమని క్లాసుల మీరే చెప్తిరి. పంపిన. ఇంక జవాబు గూడ రాలే."

"ఫికర్ చేయకమ్మా, కంపెనీ వస్తే అందరికీ ఉద్యోగాలే" అన్నాను. సిగ్గేసింది. కానీ అప్పటికే వేదిక మీద నాకు కప్పే శాలువా ఆర్డరిచ్చారు.

ఆ రోజు రానే వచ్చింది. ప్రతినిధి తెలుగావిడే. దండ వేయించుకుని వేదిక మీంచి అడిగింది: "ఫ్యాక్టరీ ఆలోచన మాకు లేదండీ. యాస్మీన్ గారు పంపిన గుజ్జు బాగుంది, కొంటాం. ఆవిడ యూనిట్ ఎక్కడ?"

జనంలోంచి యాస్మీన్ లేచింది. "మీరు నిలబడ్డది దాని మీదనే మేడమ్."

మంత్రిగారు నావైపు వంగారు. "దీనికి మీ తాన ఏదన్న థియరీ ఉన్నదా?"

"నాలుగో పేజీ సార్."

ఆయన మైకందుకున్నారు. "మిత్రులారా! యాస్మీన్ చెల్లె షెడ్డుకు గిక్కడ్నే, గిప్పుడే శంకుస్థాపన!" కొబ్బరికాయ పగిలింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

గుజ్జు కొనకుండానే ప్రతినిధి కారు నాగపూర్ వైపు తిరిగింది. యాస్మీన్ నా దగ్గరికి వచ్చి అడిగింది: "షెడ్డు ఎన్నడు లేస్తది సార్?"

నేను శాలువా మడతపెట్టుకుంటున్నాను.