పొగమంచు రంగు కుదరలేదు

పాత కాలపు ఆటల కంప్యూటర్‌ను ఆడుకోవడానికి వాడేవాడంత మొరటు మనిషి లోకంలో ఇంకొకడు ఉండడు!

ఆట ఎవడైనా ఆడతాడు. మీట నొక్కితే కారు పోతుంది, గోడకు గుద్దుకుంటుంది, నవ్వుకుంటాం, లేచిపోతాం. ఇందులో సాధన ఎక్కడుంది? తపస్సు ఎక్కడుంది? అసలైన రసికుడు ఆడడు, పరీక్షిస్తాడు. తెరమీద బొమ్మలు గీసే పలక ఒకటుంటుంది, గ్రాఫిక్స్ కార్డు. దాన్ని ఎంచుతాడు, బిగిస్తాడు, చూస్తాడు, పెదవి విరుస్తాడు, విప్పేస్తాడు. నమ్మకం కుదరకపోతే అక్రా నగరంలో డాన్సోమన్ పేటకు వెళ్ళి క్వామెనా ఎసిల్ఫీ గారిని దర్శించుకోండి.

క్వామెనాది ఇన్సూరెన్స్ ఆఫీసులో పెద్ద ఉద్యోగం. జనం పెట్టుకున్న క్లెయిముల్లో లోపాలు వెతికి తిప్పి పంపడం ఆయన వృత్తి. అలాంటి మహానుభావుడి చేతికి పాత కార్డులు దొరికితే ఏమవుతుందో ఊహించుకోండి!

ఇదంతా ఒక ఆదివారం చర్చి అయ్యాక మొదలైంది. క్వామెనా ఇంటికి కాలేజీనాటి స్నేహితుడు ఒడార్టే వచ్చాడు. మంగలి షాపులకూ హోటళ్ళకూ బోర్డులు రాసే పెయింటర్ అతను. అల్లం, కారం పట్టించి వేయించిన అరటిపండు ముక్కలు పొట్లం కట్టించుకొచ్చాడు. అక్రాలో స్నేహితుణ్ణి 'చాలే' అని పిలుస్తారు. మన చెవికి అది ఇంకోలా వినబడితే తప్పు మన చెవిదే.

"చాలే, కళ్ళు పోతున్నాయిరా," అన్నాడు ఒడార్టే ముక్క నములుతూ. "పక్కల నుంచి మూసుకొస్తోంది. గొట్టంలోంచి చూస్తున్నట్టుంది. డాక్టరు చుక్కలమందు ఇచ్చాడు. ఆగితే ఆగుతుంది, లేకపోతే లేదన్నాడు."

"అయ్యో! మరి నీ పని?"

"మొన్న మంగలి షాపు బోర్డు మీద బొమ్మకి ఒక చెవి పెట్టడం మర్చిపోయా. ఆ షాపువాడు అదేదో కొత్త స్టయిల్ అనుకుని మెచ్చుకున్నాడు." ఇద్దరూ నవ్వారు. తర్వాత ఒడార్టే గొంతు తగ్గించాడు. "ఒకటే కోరికరా. మనం ఆడేవాళ్ళం చూడు, కొండదారి కార్ల రేసు! చూపు ఉండగానే అందులో నిన్ను ఇంకోసారి చిత్తుగా ఓడించాలి."

"నువ్వా? నన్నా?" క్వామెనా లేచి స్నేహితుణ్ణి కావలించుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నిజమైనవే. "ఆ కాలపు కంప్యూటరే తయారుచేస్తా. అచ్చం అప్పటిలాగే ఉండాలి!"

అచ్చం! ఆ ఒక్క మాటతోనే ఒడార్టే కథ కంచికి బయలుదేరింది.

యూరప్ వాళ్ళు వదిలించుకున్న కంప్యూటర్లన్నీ చివరికి అక్రాలో సర్కిల్ సెంటర్‌కే చేరతాయి. అక్కడ సులెమానా షాపులో పాత కార్డులు ఎండుచేపల్లా గంపల్లో ఉంటాయి.

"బాస్, ఇది జర్మనీలో బ్యాంకు ఉద్యోగం చేసింది," అన్నాడు సులెమానా ఒకదాని దుమ్ము ఊది. "ఆటల మొహం చూసి ఎరగదు. ఆదివారాలు సెలవు కూడా తీసుకునేది."

ఆ కార్డు ఇంటికి వచ్చింది. భోజనాల బల్ల మీద అమర్చిన పాత కంప్యూటర్ పెట్టెలో కూర్చుంది. మొదటిసారికే తెరమీద కొండ లేచింది, ఎర్ర కారు వచ్చింది! క్వామెనా భార్య అరాబా చప్పట్లు కొట్టింది.

"వచ్చేసిందిగా! ఒడార్టేకి ఫోన్ చెయ్యి."

క్వామెనా ముక్కు తెరకు ఆనించి చూస్తున్నాడు. "ఆ పొగమంచు చూడు."

"చూశా. పొగమంచులా ఉంది."

"బూడిదలా ఉంది. అప్పట్లో కొంచెం నీలం కలిసి ఉండేది."

"అక్రాలో పుట్టి పెరిగావు. చలికాలపు ఎడారి దుమ్ము తప్ప నువ్వు పొగమంచు చూసిందెక్కడ?"

ఇలాంటి ప్రశ్నలే కళలను చంపేస్తాయి! క్వామెనా కార్డు ఊడబీకాడు.

రెండోదానిలో మంచు కుదిరింది గానీ కారు కింద నీడ నలుచదరంగా పడింది. నీడ నలుచదరంగా ఉన్న కారును ఏ మర్యాదస్తుడు నడుపుతాడు? ఇంకొకటి వేడెక్కగానే కొండలన్నీ ఊదారంగు చారలుగా చీలిపోయాయి. ఇంకొకదాని ఫ్యాను మిక్సీలో మిరపకాయలు వేసినట్టు అరిచింది. పొరుగావిడ గోడ మీంచి, "అరాబా, ఏం సూపు చేస్తున్నావే?" అని అడిగింది. మరొకటి చిటపటలాడి పొగ వదిలింది. ఆ సాయంత్రం కొండ మీద కాదు, భోజనాల బల్ల మీదే అసలు సిసలు పొగమంచు కమ్మింది. అయినా దాని రంగు కూడా క్వామెనాకు నచ్చలేదు.

బల్ల పోయింది కాబట్టి అరాబా వరండా మెట్ల మీద కూర్చుని చేపా, పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన కెంకే ముద్దా తినడం అలవాటు చేసుకుంది. ఆరుబయలు భోజనం ఆరోగ్యానికి ఎంత మంచిది! ఇది కూడా టెస్టింగు పుణ్యమే కదా?

ఇంతకీ పరీక్ష ఎలా చేస్తారని అడుగుతారేమో. ఆటలోనే ఒక నమూనా ఉంటుంది. కారు తనంతట తనే బయలుదేరి మొదటి మలుపు దాకా వెళ్ళి ఆగుతుంది. మళ్ళీ మొదటి నుంచి బయలుదేరుతుంది. డ్రైవరు అక్కర్లేదు! మనిషి చెయ్యి పడితే ఫలితం చెడిపోతుందట. క్వామెనా చేతులు కట్టుకుని ఆ కారును అదే మలుపు దాకా సాగనంపుతూ ఉండేవాడు. కరెంటు పోతే, వచ్చాక మళ్ళీ మొదటి నుంచి. ఇంటర్నెట్‌లో పోలండ్ పెద్దమనిషి ఒకడు, "నీ మంచు నిజంగా తప్పే," అని ధ్రువీకరించిన రోజు క్వామెనా పండగ చేసుకున్నాడు.

ఒడార్టే ప్రతి ఆదివారం వస్తూనే ఉన్నాడు.

"అయిందా?"

"వచ్చే వారం."

"నాకు రోడ్డు మధ్యలో మాత్రమే కనిపిస్తోందిరా. రేసుకి అంతకంటే ఏం కావాలి? ఇలాగే ఆడేద్దాం పట్టు."

"ఇలాగా? ఈ నీడతోనా?" క్వామెనా అదిరిపడ్డాడు. "నీకోసమే కదరా ఇంత కష్టపడుతున్నా! సరే, నువ్వు రంగుల మనిషివి. ఈ రెండు బొమ్మల్లో ఏది ఎక్కువ నీలమో చెప్పు."

ఒడార్టే ముందుకు వంగి, తల కొంచెం అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూశాడు. "రెండూ ఒకలాగే ఉన్నాయి, చాలే."

"అదేంటి? సరిగ్గా చూడు."

"సరిగ్గానే చూస్తున్నా."

క్వామెనా నిట్టూర్చాడు. ఇంత మామూలు తేడా కూడా పట్టలేని సాక్షితో శాస్త్రం ఎలా ముందుకు సాగుతుంది?

ఆ తర్వాత ఒడార్టే రావడం మానేశాడు. ఎంత ప్రశాంతత! టెస్టింగులో ఉన్న గొప్ప సుగుణం ఇదే. పనికిరాని కార్డులతో పాటు అడ్డం వచ్చే మనుషులను కూడా ఏరి పారేస్తుంది.

"అతను ఎందుకు రావట్లేదో తెలుసా?" అని ఒకరోజు అరాబా అడిగింది.

"పనుల్లో ఉండుంటాడు."

"రోడ్డు దాటలేక రావట్లేదు."

క్వామెనా చేతిలోని స్క్రూ బల్ల కింద పడింది. వెతుక్కోవడానికి వంగినవాడు చాలాసేపు లేవలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ పాపానికి ప్రాయశ్చిత్తంగా పోలండ్ నుంచి ఇంకో కార్డు తెప్పించాడు.

అది నెగ్గింది! మంచు నీలం. నీడ గుండ్రం. చారలు లేవు, అరుపులు లేవు, పొగ లేదు. పోలండ్ పెద్దమనిషి శభాష్ అన్నాడు. అరాబా వెళ్ళి ఒడార్టే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అతను కుర్చీని తడుముకుని కూర్చున్నాడు.

"ఏదీ?"

"నీ ఎదురుగానే ఉంది కదరా."

"ఎదురుగా వెలుగుంది," అన్నాడు ఒడార్టే. "అంతే."

తెరమీద ఎర్ర కారు మొదటి మలుపు దాకా వెళ్ళి, ఆగి, మళ్ళీ బయలుదేరింది.

"సరేలే, నువ్వు నడుపు," అన్నాడు ఒడార్టే. "నేను వింటా."

క్వామెనా మీటల మీద వేళ్ళు పెట్టాడు. అన్నాళ్ళలో అదే మొదటిసారి. మొదటి మలుపు రాజాలా తిరిగాడు. దాని తర్వాత ఏముందో ఆయనకు గుర్తులేదు. కారు ఎగిరి లోయలో పడింది.

ఒడార్టే పగలబడి నవ్వాడు. "కుడికిరా! చర్చి కనబడగానే కుడి! ఎన్నిసార్లు ఓడించా నిన్ను అక్కడే! చర్చి లేదా ఇప్పుడు?"

"ఉంది," అన్నాడు క్వామెనా. "చాలా బాగుంది. కిటికీలు కూడా కనిపిస్తున్నాయి."

"ఇంజిన్ చప్పుడు బాగుందిరా. దాన్ని వింటూంటేనే ప్రాణం లేచొస్తోంది."

క్వామెనా తల గిరుక్కున తిరిగింది. తడి కళ్ళలోనే ఒక మెరుపు. "బాగుందా? అప్పట్లో ఇంకా గరుకుగా ఉండేది కదూ? అది సౌండు కార్డు లోపం. రెండు వారాలు ఆగు, వేరేది వేసి చూస్తా..." చెయ్యి అప్పుడే స్క్రూడ్రైవర్ మీదికి వెళ్ళింది.

"కానీయ్," అన్నాడు ఒడార్టే. "ఈలోగా నాకు చెవుడు కూడా వస్తే నీ పరీక్షకి అడ్డం ఉండను."

అరాబా స్క్రూడ్రైవర్ లాక్కుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. తలుపు చప్పుడయ్యేలా లాగి చర్చి పాటల ప్రాక్టీసుకు వెళ్ళిపోయింది.

పాఠకులారా, ఆ సాయంత్రం క్వామెనాకు జరిగిన అన్యాయం మీరే ఆలోచించండి. చేతిలో స్క్రూడ్రైవర్ లేని మనిషి ఏం చేస్తాడు పాపం? కాసేపు పెట్టెకేసి చూశాడు, కాసేపు ఖాళీ చేతులకేసి చూసుకున్నాడు. ఇక దిక్కుతోచక, కుర్చీ ఒడార్టే పక్కకు జరుపుకుని, స్నేహితుడితో ఆడుకున్నాడు.