ఏడవ గడిలో నిజం

బీపీ అదుపులో ఉన్నవాడికి బీపీ మాత్రతో పని లేదన్నది లోకమంతా నమ్మే సత్యం. దానిని పరీక్షించే భాగ్యం మా చెల్లెలి భర్తకు దక్కింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. శుక్రవారం డిపోలో ఆరోగ్య పరీక్ష. నెగ్గితే స్టీరింగు, తప్పితే టిక్కెట్టు యంత్రాలు తుడిచే గది.

పరీక్షకు ముందు నింపవలసిన దరఖాస్తులో ఏడవ గడి ఇలా ఉంది: ‘ప్రస్తుతం వాడుచున్న మందులు (లేనిచో ‘లేవు’ అని వ్రాయవలెను)’. ఆ కుండలీకరణం ఆయనకు సలహాలా వినిపించింది.

బుధవారం నేను వెళ్లేసరికి దరఖాస్తు నింపుతున్నాడు.

“అబద్ధం రాయను బావగారూ. ఇరవై రెండేళ్ల సర్వీసు. అందుకే సోమవారం నుంచి మాత్ర మానేశా. ఇప్పుడు ‘లేవు’ అంటే నిజమేగా.”

“గుండె ఏమైపోయినా సరే, గడి మాత్రం శుభ్రంగా ఉండాలి,” అంది చెల్లెలు, యూనిఫాం ఇస్త్రీ చేస్తూ. “మాత్ర వేసుకుంటే నూట ఇరవై వచ్చింది అన్నయ్యా. అది చూసి జబ్బే పోయిందంటారు.”

ఆయనకు పాలనా వ్యవస్థను వివరించాను. గుండె ఒక కార్యాలయం. అందులో గ్రాహకాలనే కుర్చీలుంటాయి. అడ్రినలిన్ అనే అధికారి (ప్రతి కాగితం మీదా ‘అత్యవసరం’ అని ముద్ర వేయడం ఆయన అలవాటు) వచ్చి కూర్చుంటేనే ‘వేగం పెంచవలెను’ అన్న ఉత్తర్వు వెలువడుతుంది. ఈయన వాడే రకం మాత్ర ముందే వెళ్లి ఆ కుర్చీలను ఆక్రమిస్తుంది. అధికారి వస్తాడు, కాసేపు నిలబడతాడు, ఫైలు చంకన పెట్టుకుని వెళ్లిపోతాడు.

“బస్సులో సీటుకి జేబురుమాలు వేసినట్టా?”

“అంతే. కానీ ఉత్తర్వులు అందడం లేదని శరీరం అదనపు కుర్చీలు తెప్పించుకుంటుంది (మన కార్యాలయాల్లోలా కాకుండా అవి నిజంగానే వస్తాయి). మీరేమో రుమాళ్లన్నీ ఒక్కసారే తీసేశారు. పాత కుర్చీలూ కొత్తవీ అన్నీ ఖాళీ, అధికారి అన్నిట్లోనూ కూర్చుంటాడు. మానాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇప్పుడే ఆయనకి ఫోన్ చేయండి.”

“ఎంత, ఇంకో రెండు రోజులేగా.”

“పొద్దున్న గుండె దడగా ఉందన్నదెవరు?” అంది చెల్లెలు.

“అది పరీక్ష భయమే.”

“ఆ భయానికి కుర్చీ వేసింది మీరేగా.”

ఆయన ఫోన్ చేయలేదు. శుక్రవారం నర్సు చేతికి పట్టీ చుట్టింది. నూట ఎనభై ఆరు, నూట పన్నెండు. నాడి నూట ఇరవై నాలుగు. డాక్టరు ఆయనను బల్ల మీద పడుకోబెట్టి మళ్లీ చూశాడు. అంకెలు మనసు మార్చుకోలేదు.

“ఏ మందూ వాడరా?”

“వాడనండి. సోమవారం నుంచి.”

డాక్టరు దరఖాస్తును వెనక్కి తిప్పి చూపించాడు. మందులతో రక్తపోటు అదుపులో ఉన్నవారు అర్హులని అక్కడ లేత బూడిదరంగులో అచ్చయి ఉంది. ఆపైన మాత్ర ఇప్పించి, గంటసేపు కనిపెట్టుకుని ఉండి, ధ్రువపత్రం రాశాడు.

‘ఏడవ గడి: సరిగా నింపబడినది. అర్హత: లేదు. కారణం: మందులు వాడకపోవుట.’