పసుపు అంటిన పాస్‌వర్డు

మానవజాతి చరిత్రలో క్యూ అనేది అంతరించిన రోజు 2006 జూన్ ఐదు, సోమవారం. ఇకపై ఖాతాదారులు బ్యాంకుకు రానవసరం లేదని ప్రకటిస్తూ డెల్టా సౌభాగ్య బ్యాంకు పటమట శాఖ ఆ రోజు తన హాలులో పెద్ద ఫ్లెక్సీ కట్టింది. (అది చదవాలంటే మాత్రం బ్యాంకుకు రావాలి.)

ఆ ఫ్లెక్సీని నమ్మిన మొదటి మనిషి చేపల వ్యాపారి పేరయ్య. కైకలూరు చెరువుల్లో ఎవరెవరో పెంచిన చేపల్ని కొనుక్కొచ్చి ఇరవై ఏళ్లుగా పటమట మార్కెట్లో అమ్ముతున్నాడు. తనకంటూ ఒక చెరువు ఉండాలని, పొద్దున్నే దాని గట్టు మీద నిలబడి తన చేపలకు తానే మేత వెయ్యాలని ఆయన కోరిక. ఆ నెలాఖరుకు ఆరెకరాల చెరువొకటి లీజు పాటకు వస్తోంది. పాటలో కూర్చోవాలంటే లక్ష రూపాయల డీడీ కట్టాలి. ముప్పయ్యో తేదీ శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి గడువు. లక్షా ఖాతాలో సిద్ధంగా ఉంది. డీడీని ఆన్‌లైన్లోనే తెప్పించుకోవచ్చని ఫ్లెక్సీ చెబుతోంది.

బ్యాంకుకు రాకుండా ఉండటం కోసం పేరయ్య బ్యాంకుకు ఆరుసార్లు వచ్చాడు. దరఖాస్తుకు ఒకసారి, ఫొటోకు ఒకసారి, ఫొటోలో ఎడమ చెవి కనబడలేదని మరోసారి, సంతకం పాత సంతకంలా లేదని రెండుసార్లు, అభినందనలు అందుకోవడానికి ఆరోసారి. మేనేజరు జానకిరామ్ స్వయంగా లేచి చెయ్యి కలిపి, "ఇక మీరు ఇటు రానే అక్కర్లేదండీ పేరయ్యగారూ," అన్నాడు. అంత మర్యాదగా పేరయ్యను ఎవరూ ఎక్కడినుంచీ పంపించెయ్యలేదు.

ఇరవై ఆరో తేదీన ముంబై నుంచి పాస్‌వర్డు కవరు వచ్చింది. ఆ సమయానికి పేరయ్య మార్కెట్లో ఉన్నాడు. కవరు విప్పింది ఆయన భార్య గంగారత్నం. ముఖ్యమైన కాగితం ఏది ఇంటికొచ్చినా నాలుగు మూలలా తడి పసుపు పెట్టందే ఆమె ఎవర్నీ ముట్టుకోనివ్వదు. వ్యాను కాగితాలకూ, కూతురి హాల్‌టికెట్టుకూ అదే మర్యాద జరిగింది. అయితే బ్యాంకువారు పొదుపు పాటించి పాస్‌వర్డును అగ్గిపెట్టెంత కాగితం మీద అచ్చు వేశారు. నాలుగు మూలలూ పోగా అందులో పెద్దగా ఏమీ మిగలలేదు. ఎనిమిది అక్షరాల్లో మూడు బతికి బయటపడ్డాయి.

"డబ్బుల కాగితం గదా అని ఇంకో పూత ఎక్కువే పెట్టానండీ," అంది గంగారత్నం.

పేరయ్యకు కోపం రాలేదు. ఇంట్లో ఉంటే తానూ అదే చెయ్యమనేవాడు.

మర్నాడు ఆయన ఏడోసారి బ్యాంకుకు వెళ్లాడు. కౌంటర్లో సుధామణి అనే క్లర్కు కాగితాన్ని వెలుతురులో పెట్టి చూసి, ఫారం నంబరు పద్నాలుగు తిరగేసింది. పాస్‌వర్డు పోవడానికి అందులో నాలుగు కారణాలున్నాయి: మరచిపోవుట, దొంగతనం, అగ్నిప్రమాదం, ఎలుకలు. పసుపు లేదు.

"కొత్తదానికి ఆన్‌లైన్లో అప్లై చెయ్యాలండీ," అంది.

"ఎట్టా అమ్మా?"

"మీ పాస్‌వర్డు కొట్టి లోపలికెళితే ఎడంపక్కనే ఉంటదండీ."

"పోనీ, ఎప్పట్లాగే నువ్వే ఓ డీడీ రాసియ్యి. డబ్బులు ఉన్నయ్ గదా."

"ఉన్నయ్యండీ. కానీ మీరిప్పుడు ఆన్‌లైన్ కస్టమరు. కౌంటర్లో డీడీ గానీ, క్యాష్ గానీ ఇస్తే మీరు బ్యాంకుకొచ్చినట్టు లెక్క. రీజినల్ ఆఫీసు వాళ్లు ఒప్పుకోరు."

"అయితే నన్ను మళ్లీ మామూలు కస్టమర్ని చేసెయ్యండమ్మా."

"అదీ ఆన్‌లైన్లోనేనండీ."

బుధవారం, గురువారం కూడా ఆయన వచ్చాడు. ఆన్‌లైన్ ఖాతాదారుల సౌకర్యార్థం మేనేజరు బయట మెట్ల పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు. (లోపల కూర్చుంటే వచ్చినట్టవుతుంది.) శుక్రవారం పేరయ్య ఆ కుర్చీలోనే మూడు గంటలు కొట్టేదాకా కూర్చున్నాడు. నాలుగింటికి ఫోను వచ్చింది. చెరువు ముదినేపల్లి రత్తయ్యకు పోయిందట. రత్తయ్య ఖాతా ఉన్న బ్యాంకులో ఇంకా కంప్యూటరు లేదు, అక్కడి గుమాస్తా చేత్తో డీడీ రాసిచ్చాడట. పేరయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. కుర్చీ బయటే ఉంది కాబట్టి ఆ సంగతి బ్యాంకు రికార్డులకు ఎక్కలేదు.

శనివారం ఉదయం ఆయన తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్లి, ఖాతా మూసెయ్యమన్నాడు. దానికి మాత్రం పాస్‌వర్డు అవసరం లేదు. సుధామణి టోకెన్ ఇచ్చింది, లోపలే కుర్చీ చూపించింది, మంచినీళ్లు కూడా తెప్పించింది. మూసిన ఖాతాలో పెద్ద మొత్తం ఉంటే నగదుగా ఇవ్వకూడదని నిబంధన. అందుకని పావుగంటలో సొమ్మంతటికీ డీడీ తీసి ఆయన చేతిలో పెట్టింది.

పేరయ్య ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదే మంగళవారం నాడు ఇచ్చుంటే చెరువు నాదయ్యేది గదమ్మా."

"అప్పుడెలా ఇస్తామండీ," అంది సుధామణి, ఎంతో మర్యాదగా. "అప్పుడు మీరు మా కస్టమరు కదండీ."