మావయ్య గారి వాచీ కీ

మంగళవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ప్రేమదాసు చేతిలోని వాచీ కీ మర ఎక్కలేదు.

వాచీ అతనిది కాదు. వినుకొండలో హెడ్మాస్టరుగా రిటైరైన సాల్మన్ గారిది. ఆయన ప్రేమదాసుకు మామగారు. అది రోజూ కీ ఇస్తేనే నడిచే వాచీ. పైగా దాని కీ మామూలు వాచీల కీలాగా ఊరికే తిరగదు. సీసా మూత తీసినట్టు మర విప్పాలి. విప్పితే లోపలి స్ప్రింగు దాన్ని బయటికి నెడుతుంది. అప్పుడు ముప్పై చుట్లు ఇచ్చి, లోపలికి ఒత్తి, మళ్ళీ మర బిగించాలి. బిగిస్తే తడి, దుమ్ము లోపలికి పోవు. బిగించకపోతే పోతాయి. కొన్నప్పటి నుంచి, అంటే ముప్పై ఆరేళ్ళుగా, సాల్మన్ గారు ఆ కీని మరొకరిని ముట్టుకోనివ్వలేదు.

నాలుగు వారాల కిందట గుంటూరులో ఆయన కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. నెల రోజులు కంటికి పని పెట్టవద్దని డాక్టరు చెప్పాడు. వాచీని భార్య రెబ్కా గారికి అప్పగించబోతే, "నలభై ఏళ్ళుగా మీకు కీ ఇస్తూనే ఉన్నా. ఇంక దానికి కూడానా? అల్లుడికివ్వండి," అందావిడ.

సాల్మన్ గారు అల్లుడికే ఇచ్చారు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆయన ప్రేమదాసును ఒక వస్తువు మీద చెయ్యి వెయ్యనివ్వడం అదే మొదలు. బల్బు మార్చబోతే, "మీరు కూర్చోండి అల్లుడు గారూ," అనేవారు. గ్యాస్ సిలిండరు తిప్పబోతే పక్కింటివాళ్ళను పిలిచేవారు. పెళ్ళయిన కొత్తలో ప్రేమదాసు అత్తగారింట్లో కుళాయి బాగుచేయబోయి విరగ్గొట్టిన మాట నిజం. ఆ కుళాయి గురించి తర్వాత ఎవరూ ఒక్క మాట అనలేదు. మర్చిపోనూ లేదు.

ఇరవై ఏడు రోజులు కీ సవ్యంగా ఎక్కింది. ఇరవై ఎనిమిదో రోజు సాల్మన్ గారు కన్ను చూపించుకుని, వాచీ పట్టుకెళ్ళడానికి పదకొండు గంటల రైలుకు గుంటూరు వస్తున్నారు. ఆ పొద్దునే ఎక్కలేదు. ప్రేమదాసు పదకొండు సార్లు ఒత్తి తిప్పాడు. పదకొండు సార్లూ కీ అడ్డంగా పట్టుకుని, వదలగానే బయటికొచ్చింది. బలం పెడదామనుకున్నాడు. కుళాయి దగ్గరా సరిగ్గా అక్కడే బలం పెట్టాడు. మానుకున్నాడు.

టేపు అంటిద్దామంటే జిగురు మరలోకి పోతుంది. జేబులో వేసుకుందామంటే దుమ్ము లోపలికి పోతుంది. చివరికి వాచీని ఎడమ చేతికి పెట్టుకుని, కుడి బొటనవేలితో కీని ఒత్తిపట్టుకున్నాడు. వాచీ రిపేరు షాపు పదింటికి తెరుస్తారు. పదింటికి షాపు, పదకొండుకి మావయ్య గారు. ఈలోగా ఎవరికీ తెలియకూడదు. భార్య ఫెబాకు అసలు తెలియకూడదు. ఫెబాకు తెలిస్తే వాళ్ళమ్మకు తెలుస్తుంది. వాళ్ళమ్మకు తెలిస్తే రైలులో ఉన్న ఆయనకు తెలుస్తుంది.

"ఏవండీ, ఉప్మా చల్లారిపోతోంది."

తినడానికి కుడి చెయ్యి కావాలి. "ఆకలిగా లేదు ఫెబా."

"ఉప్మా అయితే మీకు ఆకలి ఉండదులెండి. బండి తాళాలు ఇవిగో."

బండికి రెండు చేతులూ కావాలి. "ఇవాళ ఆటోలో వెళ్తా."

ఫెబా వాకిట్లో నిలబడి, మొగుడు రెండు చేతులూ పొట్ట దగ్గర పెట్టుకుని సందు మలుపు దాకా నడవడం చూసింది. ఆ తర్వాత తను పనిచేసే స్కూలుకు వెళ్ళిపోయింది.

ప్రేమదాసు పనిచేసేది గుంటూరు బయట మిర్చి కోల్డ్ స్టోరేజీలో. మేనేజరు. గదులు తెరిపించి, లారీల లెక్క చూసుకుని, తొమ్మిదిన్నరకల్లా షాపుకు బయలుదేరాలని అతని లెక్క. నల్లపాడులో ఇంటి దగ్గర ఎక్కిన ఆటోలో ఎనిమిది మంది కూర్చున్నారు. దిగేసరికి అతని చొక్కా తడిసిపోయింది. ఎనిమిదీ నలభైకి గేటు దాటాడు. గేటు పక్కనే బస్తాలు తూచే కాటా. కాటా దగ్గర గుమాస్తా అంకమ్మరావు.

అంకమ్మరావుకు కిందటి ఏడు గుండెలో స్టెంటు వేశారు. అప్పటి నుంచి అతను మనుషుల్ని చూసే పద్ధతి మారింది. ముందు నుదురు చూస్తాడు, తర్వాత ఎడమ చెయ్యి చూస్తాడు.

"ఏంది సార్, చెయ్యి పట్టుకున్నారు?"

"ఏం లేదు."

"చెమట్లు పోసినయ్యేంది?"

"ఆటోలో వచ్చా. అందుకు."

"బండేది?"

"తీయలేదు."

"టిఫిన్ చేశారా?"

"లేదు. అంకమ్మరావు గారూ, నాకేం లేదండీ. పని చూసుకోండి."

"ఏం లేదన్నవాళ్ళనే ముందు తీసుకెళ్ళాలి సార్," అన్నాడు అంకమ్మరావు కుర్చీలోంచి లేస్తూ. "నేనూ ఏం లేదనే అన్నా. లాగుతోందా?"

"ఏదీ లాగట్లేదు."

"ఆ చెయ్యి ఒకసారి వదలండి, చూద్దాం."

ప్రేమదాసు వదల్లేదు. గదుల తలుపులు తెరిచి ఉన్నాయి. లోపలి తడి, మిర్చి ఘాటు కాటా దాకా వస్తున్నాయి. కీ వదిలితే ఆ రెండూ మావయ్య గారి వాచీలోకి పోతాయి. మరికాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"వదల్లేకపోతున్నారు," అని అంకమ్మరావు చుట్టూ ఉన్న హమాలీలకు చెప్పాడు. తర్వాత ఫెబాకు ఫోన్ చేశాడు. ఉప్మా తినలేదని ఆమె చెప్పింది. బండి తీయలేదని, పొట్ట దగ్గర చేతులు పెట్టుకుని నడిచాడని చెప్పింది. అంకమ్మరావు అన్నిటికీ "ఊఁ" కొట్టాడు. ఫోన్ పెట్టేసి, "సార్‌ని నడవనీకండ్రా," అన్నాడు.

నలుగురు హమాలీలు ప్రేమదాసును కుర్చీతో సహా లేపారు. నలభై ఐదు కిలోల మిర్చి బస్తాలు, వాళ్ళ మాటలో టిక్కీలు, రోజుకు రెండొందలు మోసేవాళ్ళు. వాళ్ళకు అదొక బరువు కాదు.

"ఒరేయ్, దించండ్రా! నేను నడుస్తా!"

"అరవబాకండి సారూ, గుండె అలిసిపోద్ది," అన్నాడొక హమాలీ.

స్టోరేజీ కారును గేటు దగ్గరికి తిప్పి తెచ్చేదాకా కుర్చీని కాటా మీద దించారు. కాటా నూట నాలుగు కిలోలు చూపింది. కుర్చీ పదమూడు. ఆస్పత్రిలో నర్సు బరువెంత అని అడిగినప్పుడు అంకమ్మరావు వెంటనే, "తొంభై ఒకటి. ఇప్పుడే తూచాం," అన్నాడు.

పదింటికి వాచీ షాపు తెరిచారు. అదే సమయానికి ప్రేమదాసు ఆస్పత్రి అత్యవసర విభాగంలో నాలుగో నంబరు మంచం మీద ఉన్నాడు. నర్సు దేవకుమారి ఈసీజీ తీగలు పట్టుకుని నిలబడింది.

"వాచీ తీయండి సార్."

"ఇది తీయకుండా కుదరదా అమ్మా?"

"కుదరదు సార్. ఆ చెయ్యి వదలండి. నొప్పిగా ఉందా?"

నిజం చెబితే అక్కడి నుంచి బయటపడవచ్చు. కానీ మంచం పక్కన అంకమ్మరావు ఉన్నాడు. అంకమ్మరావు ఫోన్‌లో ఫెబా ఉంది. "కొంచెం," అన్నాడు ప్రేమదాసు. దేవకుమారి అది రాసుకుంది. వాచీని విప్పి, మంచాల మధ్య ఉన్న బల్ల మీద పెట్టింది. కీ బయటికొచ్చేసింది.

ఈసీజీ మామూలుగానే వచ్చింది. నొప్పి అన్నారు కాబట్టి మూడు గంటల తర్వాత రక్తపరీక్ష చేసి పంపుతామని డాక్టరు చెప్పి వెళ్ళాడు. అంకమ్మరావు మందుల షాపు దాకా వెళ్ళాడు.

ఈ సంగతి వినుకొండ చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఫెబా తల్లికి చెప్పింది. రెబ్కా గారు చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రార్థన చేయమని పెట్టారు. గ్రూపులో రెండొందల పన్నెండు మంది ఉన్నారు. పది గంటల ఇరవై నిమిషాలకు అది గుండెపోటు అయింది. పదిన్నరకు రెండో గుండెపోటు అయింది. పావు తక్కువ పదకొండుకు పద్నాలుగు మంది ఒక వ్యాను మాట్లాడుకుని గుంటూరు బయలుదేరారు.

ఐదో నంబరు మంచం మీద బుల్లయ్య అనే రైతు పడుకుని ఉన్నాడు. పొద్దున మిర్చికి మందు కొడుతుంటే వీపు మీది ట్యాంకు మూత లీకై మందు ఒంటి మీద కారింది. కళ్ళు తిరిగితే తీసుకొచ్చి ఒళ్ళు కడిగి పడుకోబెట్టారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. సాయంత్రం దాకా కదలవద్దన్నారు కాబట్టి అందరి మంచాలూ చూస్తున్నాడు. బల్ల మీది వాచీని కూడా చాలాసేపు చూశాడు.

"ఏంది సారూ, దాని మూత సరిగ్గా పడలా?"

ప్రేమదాసు తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు. అప్పుడు బుల్లయ్యకు అంతా చెప్పాడు. ఆ పొద్దున అతను నిజం చెప్పింది ఆ ఒక్క మనిషికే.

"ఎటు తిప్పారు?"

"ముందుకే. బిగించాలిగా."

"అదీ మీరు చేసింది. మర మీద మర అడ్డంగా కూర్చుంటే ముందుకి తిప్పేకొద్దీ పాడైపోద్ది. ఇటివ్వండి." బుల్లయ్య పడుకునే వాచీని అందుకున్నాడు. "మెల్లగా ఒత్తి పట్టుకుని ముందు వెనక్కి తిప్పాలి. వెనక్కి. తిప్పుతా ఉంటే ఒకచోట టక్కుమని కిందికి దిగుద్ది. వేలికి తెలుస్తది. అప్పుడు ముందుకి తిప్పాలి. మందు ట్యాంకు మూత ఇట్టాగే పెడతాం."

కీ టక్కుమంది. మూడు చుట్లకు బిగిసింది. బుల్లయ్య దాన్ని మళ్ళీ విప్పి, ప్రేమదాసు చేతికిచ్చి అతనితో కూడా ఒకసారి బిగింపజేశాడు. ప్రేమదాసు వాచీని చేతికి పెట్టుకున్నాడు.

"మరి ఇంత తెలిసినవాళ్ళు, మీ మూత ఎందుకు లీకైంది?" అన్నాడు ప్రేమదాసు.

"ఇవాళ మా బామ్మర్ది పెట్టాడు," అన్నాడు బుల్లయ్య, అటు తిరిగి పడుకుంటూ.

పదకొండూ నలభైకి సాల్మన్ గారు వచ్చారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నారు. రైలు దిగి, ఫెబాతో కలిసి నేరుగా ఆస్పత్రికే వచ్చారు. ఫెబా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సాల్మన్ గారు అల్లుడి మొహం చూశారు. అతను లేచి కూర్చోవడం చూశారు. ఆ తర్వాత మణికట్టు చూశారు.

"ఎలా ఉందండీ ఇప్పుడు?"

"బాగానే ఉంది మావయ్య గారూ. ఈసీజీ మామూలుగానే వచ్చింది."

"దేవుడి దయ. వాచీ ఆగలేదు కదా?"

"ఆగలేదండీ. ఇవాళ కూడా ముప్పై చుట్లు ఇచ్చాను."

"బిగించారా?"

"బిగించానండీ."

సాల్మన్ గారు చెయ్యి చాపారు. ప్రేమదాసు వాచీ విప్పి ఇచ్చాడు. ఆయన చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. గోటితో కీ అంచు తడిమారు. ముప్పై ఏళ్ళు పిల్లల లెక్కలు దిద్దిన మనిషి. జవాబు సరిగ్గా ఉన్నా, వచ్చిన దారి చూడనిదే వదలరు. కీ మర విప్పి చూశారు. మళ్ళీ ఒత్తి ముందుకు తిప్పారు.

ఎక్కలేదు.

ఇంకోసారి తిప్పారు. ఎక్కలేదు. ఆపరేషనైన కంటికి దగ్గరివి ఇంకా ఆనడం లేదు. ఆయన అద్దాలు తీశారు, పెట్టుకున్నారు, వాచీని దూరంగా పెట్టి చూశారు.

"మావయ్య గారూ, ఇటివ్వండి, నేను..."

"మీరు పడుకోండి అల్లుడు గారూ."

సాల్మన్ గారు వాచీని ఎడమ చేతికి పెట్టుకున్నారు. కుడి బొటనవేలితో కీని ఒత్తిపట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు. రెండు నిమిషాల తర్వాత ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ప్రేమదాసు ఆ బొటనవేలు వైపే చూస్తున్నాడు.

"నాన్నా, చెయ్యి అలా పట్టుకున్నావేంటి?" అంది ఫెబా.

"ఏం లేదమ్మా."

తలుపు దగ్గర మందుల సంచీతో నిలబడ్డ అంకమ్మరావు సంచీ కింద పెట్టాడు. "ఏం లేదన్నారా?" అన్నాడు.

పన్నెండింటికి సాల్మన్ గారిని ప్రేమదాసు పక్కన మూడో నంబరు మంచం మీద పడుకోబెట్టారు. దేవకుమారి వాచీ తీయమంది. ఆయన తీయనన్నారు. "ఆ నాలుగో మంచం సార్ కూడా ఇంతే," అంటూ ఆమే విప్పి, చేతికందే దూరంలో ఉన్న ప్రేమదాసుకు ఇచ్చింది.

"ఏమీ తిప్పకండి అల్లుడు గారూ," అన్నారు సాల్మన్ గారు, తీగల మధ్య నుంచి. "ఊరికే ఒత్తి పట్టుకోండి."

ప్రేమదాసు ఒత్తిపట్టుకున్నాడు. దేవకుమారి తెర లాగింది. అతను కీని వెనక్కి తిప్పాడు. టక్కుమంది. ముందుకు మూడు చుట్లు తిప్పాడు. తెర తీసేసరికి వాచీ అరచేతిలో ఉంది. బొటనవేలు దాని మీద లేదు.

సాల్మన్ గారు వాచీ తీసుకుని గోటితో కీ అంచు తడిమారు. అల్లుడి వైపు చూశారు.

"ఎవరు బిగించారు?"

"నేనేనండీ."

"బలం పెట్టారా?"

"లేదండీ. ముందు వెనక్కి తిప్పాను."

ఐదో మంచం మీద బుల్లయ్య దగ్గాడు. తర్వాత సాల్మన్ గారు వాచీని అల్లుడి చేతిలో పెట్టి, "కొత్త కళ్ళజోడు వచ్చేదాకా మీ దగ్గరే ఉండనివ్వండి," అన్నారు.

ఆయన ఈసీజీ కూడా మామూలుగానే వచ్చింది. ఒంటిగంటకు వ్యాను దిగిన పద్నాలుగు మందీ ఇద్దరి కోసం ప్రార్థన చేసి, తెచ్చిన బత్తాయిలు బుల్లయ్యకు కూడా పంచి, సాల్మన్ గారిని ఎక్కించుకుని, దారిలో కంటి డాక్టరుకు చూపించి వినుకొండ వెళ్ళిపోయారు.

కళ్ళజోడు పన్నెండో రోజున వచ్చింది. అది వచ్చి నాలుగు నెలలైంది. వాచీ నల్లపాడులోనే ఉంది.