తోటగెడ్డలో ఆగే బండి

రైల్వేవాళ్లు తోటగెడ్డ లైనును పట్టాలతో సహా పెకలించి కంప్యూటర్లోకి ఎక్కించిన రోజున, బండిలో ఉన్నవాళ్లు బండితోనే వెళ్లిపోయారు. అసిరమ్మ మొగుడు దాలినాయుడు కూడా వాళ్లలో ఉన్నాడు. సంతలో మేకపోతును అమ్ముకుని ఇంటికొస్తున్నాడు. కంగారేమీ లేదని, బండి ఊళ్లో ఆగినప్పుడు ఎవరి మనుషుల్ని వాళ్లు దింపుకోవచ్చని స్టేషను గోడకు కాగితం అంటించారు. మర్నాడు గోడను కూడా ఎక్కించేశారు.

నెట్ సెంటరు జగ్గారావు దగ్గర రైలు తోలే ఆట ముందే ఉంది. తోటగెడ్డ లైనును వెతికి దానికి తగిలించాలి. వెతగ్గా వెతగ్గా ఎవడో తయారుచేసి పెట్టినది దొరికింది. తగిలించి చూస్తే గెడ్డ మీద వంతెన లేదు. వంతెనను విడిగా తెచ్చుకోవాలట. బండి గాలిలోనే గెడ్డ దాటింది. కిటికీ పక్కన దాలినాయుడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

"సిక్కిపోనాడు" అంది అసిరమ్మ.

"బొమ్మ సరిగ్గా రానేదు పిన్నీ. మనిషి బాగానే ఉన్నాడు."

బండి మాత్రం ఆగలేదు. ఎక్కేవాళ్లు లేరని తయారుచేసినవాడు హాల్టు పెట్టలేదు. వెనకటికి రైల్వేవాళ్లు హాల్టు ఎత్తేస్తామన్నప్పుడు, ప్రయాణం లేకపోయినా రోజూ టిక్కెట్లు కొని నిలబెట్టుకున్న ఊరది. ఇప్పుడూ అదే చేశారు. కొన్న టిక్కెట్లన్నీ జగ్గారావు ఆ తయారుచేసినవాడికి పంపాడు. అన్నాళ్లూ అసిరమ్మ తెర ముందు కూర్చుని, మొగుడు ఊరు దాటిపోతుంటే చూస్తూ ఉంది.

చివరికి కొత్త లైను వచ్చింది. వంతెన ఉంది, హాల్టు ఉంది, ఊరి పేరు రాసిన పసుపు బోర్డు ఉంది. బండి వచ్చి నెమ్మదిగా ఆగింది. ఎవరూ దిగలేదు. కిటికీలన్నీ ఖాళీ.

దానితోపాటు వచ్చిన వివరం జగ్గారావు చదివి చెప్పాడు. మనుషుల బరువుకి బండి ఆగి ఆగి నడుస్తోందట. అందుకని మనుషుల్ని తీసేశాడట.

అసిరమ్మ తెరకు దగ్గరగా జరిగి ఖాళీ కిటికీలన్నీ వెతికింది. "పాతదే ఎట్టీ బాబూ. ఆగకపోతే మానె. సూసుకుంటాను."

"కొత్తది ఎక్కితే పాతది సెరిగిపోతాది పిన్నీ."

అధికారులు వచ్చి చూశారు. ఈ లైనులో బండి ఇంత బాగా ఎన్నడూ నడవలేదన్నారు. కంప్యూటరుకు దండ వేశారు. హాల్టు దక్కిందని ఊరు సంతోషించింది.

అసిరమ్మ ఇప్పటికీ బండి వేళకు వెళ్లి కూర్చుంటుంది. అది కదిలాక లేచి ఇంటిదారి పడుతుంది. దారిలో వాళ్లూ వీళ్లూ పలకరిస్తారు. మీ ఆయన దిగాడా అని ఎవరూ అడగరు. బండి ఆగిందా అని అడుగుతారు.

ఆగింది అంటుంది.