ఎలుకగారికి ఏమిష్టం?

ప్రతి ఇంట్లోనూ ఒక ఎలుక ఉండి తీరాలి. లేనివాళ్లు ఎక్కడినుంచైనా తెచ్చుకోవాలి. తమాషాకి అనడం లేదు, అనుభవం మీద చెబుతున్నాను.

ఎలుక అనగానే మీరు ముఖం చిట్లిస్తారని నాకు తెలుసు. కొరికిన బట్టలు, చిల్లుపడ్డ సంచులు, బీరువా వెనక వాసన, ఇవే మీకు గుర్తొస్తాయి. కానీ ఆ చిన్న ప్రాణి వల్ల వంటింటికి జరిగే మేలు గురించి ఎవరైనా ఒక్కసారి ఆలోచించారా?

మా ఇంటి సంగతే చూడండి. నాకు షుగరుందని తేలిన రోజు నుంచీ మా పొయ్యి మీద నూనె కాగిన పాపాన పోలేదు. డాక్టరు చెప్పిన మాట మా ఆవిడకి శిలాశాసనం. ఒక పూట ఉడికించిన సొరకాయ, ఒక పూట ఉడికించిన బీరకాయ, మార్పు కావాలంటే రెండూ కలిపి! ఉప్పు అడిగితే బీపీ అంటుంది. నాకు బీపీ లేదు కదా అంటే, "వస్తుంది లెండి," అంటుంది.

అలాంటి ఇంట్లో ఒకనాడు బియ్యం డబ్బా వెనక ఎలుక తోక కనిపించింది. ఆ సాయంత్రమే భోజనాల బల్ల దగ్గర అత్యవసర సమావేశం. అధ్యక్షత మాతోనే ఉంటున్న మా అత్తగారిది.

"బోనులో ఏదో ఒకటి పడేస్తే తింటుందా? దానికేమిష్టమో ముందు కనుక్కోవాలి," అన్నారావిడ.

నేను కంచంలోంచి తలెత్తి చూశాను. ఒక ప్రాణి ఇష్టాయిష్టాల గురించి ఈ ఇంట్లో చర్చ జరిగి ఎంత కాలమైందో!

కొబ్బరి ముక్కని సన్నసెగ మీద దోరగా వేయిస్తే వాసన అటక దాకా పోతుందని మా అత్తగారు. వెన్న రాసి కాల్చిన బ్రెడ్డుకి తిరుగులేదని మా ఆవిడ. పీనట్ బటరే బెస్టని ఇంటర్నెట్ చూసి మా అమ్మాయి. ఎవరి మాట తీసేసినా బాగుండదని రోజుకొకటి చేశారు. మొదటి రోజు కొబ్బరి అలాగే ఉండిపోతే మా ఆవిడ ఎంత నొచ్చుకుందనుకున్నారు? "కాస్త మాడిందేమోనమ్మా, అందుకే ముట్టలేదు," అని వాళ్లమ్మ దగ్గర వాపోయింది. నేను కంచంలో సొరకాయ వదిలేస్తే మాత్రం వేషాలంటుంది.

ఇక బోను పెట్టడమంటే మాటలు కాదు. లోపలి కొక్కేనికి ఎర గుచ్చాలి. తలుపు పైకి లాగి పట్టుకుని, ఊపిరి తగిలితే జారిపోయేంత సుతారంగా తీగని ఆనించాలి. వేళ్లు నలుగుతాయని ఎవరూ ముందుకు రాలేదు. కుటుంబం కోసం ఆ ప్రమాదాన్ని నేనే నెత్తిన వేసుకున్నాను. కొక్కేనికి పట్టేది గోరంత ముక్క. వేయించింది గిన్నెడు. మిగిలింది పారబోయడానికి మనసెలా ఒప్పుతుంది? పైగా మనం రుచి చూడకుండా ఎలుకకి పెట్టడం మర్యాదేనా, మీరే చెప్పండి.

అంతా సవ్యంగా సాగుతుండగా ఎలుక బోనులో పడింది. బ్రెడ్డుకి! అంత తొందరపాటు జీవిని నేను ఎక్కడా చూడలేదు. ఇంకొన్నాళ్లు బెట్టు చేస్తే దాని సొమ్మేం పోయింది? అందరూ సంబరపడ్డారు. మా ఆవిడ బోను మీద గుడ్డ కప్పి, దూరంగా పొదల్లో వదిలి రమ్మంది. దారి పొడవునా గుడ్డలోంచి వెన్న వాసన వస్తూనే ఉంది. తలుపెత్తగానే అది కనీసం వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. నేను ఇంటికొచ్చి సొరకాయ ముందు కూర్చున్నాను.

అందుకని ఇంటి క్షేమం కోరి ఒక చిన్న పని చేశాను. బియ్యం సంచి మూల గోళ్ల కత్తెరతో కాస్త కత్తిరించి, పక్కన ఎలుక పెంటికల్లా కనిపించేట్టు నాలుగు నల్లజీలకర్ర గింజలు చల్లాను. అందరికంటే ముందు నేనే కంగారు పడ్డాను కూడా.

"ఇంకోటి వచ్చినట్టుందే," అన్నాను.

మా ఆవిడ వంగి సంచి మూల చూసింది. ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలిపి, వాసన చూసింది.

"బోను ఇలా ఇవ్వండి. ఈసారి నేను పెడతాను," అంది.

కాసేపాగి వెళ్లి చూద్దును కదా, కొక్కేనికి ఉడికించిన సొరకాయ ముక్క!

"ఇదేమిటి?" అన్నాను.

"ఈ ఎలుకకి షుగరుందండీ," అంది.

పక్కగదిలో మా అత్తగారికి దగ్గు తెర వచ్చింది.

ఆ ముక్క రోజుల తరబడి అలాగే వేలాడి, ఎండి, ముడుచుకుపోయింది. చీమ కూడా అటు రాలేదు. ఒక ఉదయం మాత్రం బోను ముందు ఒలికిన పిండిలో చిన్న చిన్న పాదాల గుర్తులు కనిపించాయి. తలుపు దాకా వచ్చి, వాసన చూసినట్టున్నాయి, తిన్నగా వెనక్కి మళ్లాయి. ఒట్టేసి చెబుతున్నాను, అవి నేను వేసినవి కావు.

మా ఆవిడని పిలిచి చూపించాను.

"చూడు. ఆకలేసిన ఎలుకే వద్దనుకుని పోయింది. నేను రోజూ తింటున్నాను," అన్నాను. హాస్యంగానే మొదలుపెట్టాను గానీ, హాస్యంగా ముగియలేదు.

తను వంగి ఆ గుర్తులు చూసింది. ఎండిన ముక్కని కొక్కెం నుంచి తీసేసింది.

"పోనీ, దీనికేం పెట్టమంటారు?" అంది.

నవ్వకండి. షుగరొచ్చాక ఈ ఇంట్లో ఏం కావాలని నన్నొకరు అడగడం అదే మొదటిసారి. ఎలుక కోసం అయితేనేం?

"కొబ్బరి," అన్నాను. "దోరగా. కాస్త ఎక్కువే వేయించు, ఇది పెద్దదానిలా ఉంది."