గుడ్ల బండికి కొత్త బల్బులు

ఇలా దగ్గరికి రా. ఆ గుమ్మంలో నిలబడితే నా మాట సగం వీధిలోకే పోతుంది. కూర్చున్నావా? అయితే విను. మా చిన్నన్నయ్య తన పికప్ బండికి బల్బులు కొన్న సంగతి చెబుతాను. బల్బులు కొనడంలో ఏముంది చెప్పడానికి అనుకోకు. ఆ బల్బుల మూలంగా ఆయన స్టీరింగు వదులుకోవలసినంత పనైంది.

అన్నయ్యది గుడ్ల వ్యాపారం. ఊరి బయట కోళ్ళ ఫారాల్లో గుడ్ల అట్టలు బండికెత్తించుకుని, తెల్లవారేలోగా బేకరీలకూ హోటళ్ళకూ చేరవేసేవాడు. బజారంతా ఆయన్ని గుడ్ల బాబాయ్ అనేది. జుట్టు నెరిసింది, మెట్లెక్కితే మోకాళ్ళు మూలిగేవి. స్టీరింగు ముందు కూర్చుంటే మాత్రం ఆ మనిషే వేరు. గుంత వస్తే బండిని నిద్రపోతున్న పసిపిల్లను పక్కమీదికి దించినట్టు దించేవాడు. ఆయన తెచ్చిన అట్టల్ని బేకరీవాళ్ళు విప్పి చూసుకునేవారు కాదు. ఆయనకు అంతకంటే గొప్ప మర్యాద ఇంకొకటి అక్కర్లేదు.

అలాంటివాడు ఒక తెల్లవారుజామున స్పీడు బ్రేకరును చూసుకోలేదు. బండి ఎగిరిపడింది. ఇల్లు చేరేదాకా వెనక తలుపు సందులోంచి పచ్చసొన కారుతూ రోడ్డుకు గీత గీసింది. వచ్చి, కాఫీ గ్లాసు ముట్టకుండానే, "లైట్లు తగ్గిపోయాయి. ఇవాళ బల్బులు మార్పించేస్తా," అన్నాడు. ఆ పొద్దున అనుకున్న పని అంతే. బల్బులు కొనాలి, బిగించుకోవాలి, భోజనం వేళకు ఇంట్లో ఉండాలి.

వ్యాపారంలో వసూళ్ళ పని చూసే కొడుకు వంటింట్లోకి వెళ్ళి తల్లి చెవిలో గొణిగాడు.

"తగ్గింది లైట్లు కాదమ్మా."

"మరేంట్రా?"

"కళ్ళు."

మా వదిన మొగుణ్ణి ఎవరైనా ఒక మాటంటే ఊరుకునే మనిషి కాదు. ఆ రోజు మాత్రం స్టవ్ మీద గిన్నె వైపే చూస్తూ నిలబడిపోయింది.

తండ్రీకొడుకులిద్దరూ బండి విడిభాగాల షాపుకు వెళ్ళారు. కౌంటరు వెనక షాపతను కనబడడు, నేల నుంచి కప్పు దాకా డబ్బాలే కనబడతాయి.

"పికప్‌కి హెడ్‌లైటు బల్బులు ఇవ్వవయ్యా."

"ఎలాంటివి బాబాయ్?"

"వెలిగేవి."

"అన్నీ వెలుగుతాయి బాబాయ్. పసుపా, తెలుపా? మామూలువా, ఎల్ఈడీవా? ఎన్ని వాట్లు?"

"నేను బల్బులకొచ్చానా, పోలీస్ స్టేషనుకొచ్చానా? రోడ్డు కనబడేవి ఇవ్వు చాలు."

"పాతవాటి లాంటివే ఇచ్చెయ్ అన్నా," అన్నాడు కొడుకు. తండ్రి చూడకుండా తన కంటి వైపు వేలు చూపించి, తల అడ్డంగా ఊపాడు. లోపం బల్బుల్లో లేదు, ఈయన కళ్ళలో ఉందని వాడి సైగ. షాపతనికి అది వేరేలా అందింది. కళ్ళు చెదిరిపోయేవి ఇమ్మంటున్నాడు కాబోలనుకుని, ఉన్నవాటిలోకెల్లా ఎక్కువ వాట్ల బల్బులు తీసిచ్చాడు.

మర్నాడు వేకువన అన్నయ్య లైట్లు వేస్తే వెలుతురు బయటికి రావడానికి మొహమాటపడుతున్నట్టు ఆ లైట్ల దగ్గరే ఆగిపోయింది. బల్బుల వేడి మాత్రం ఎక్కడా ఆగలేదు. సగం దారిలో కాలిన వాసన వచ్చింది, ఒక పక్క హోల్డరు కరిగి ఆ లైటు ఆరిపోయింది. ఎదురుగా సైకిలు మీద వస్తున్న పాలవాడు ఒక్క లైటు చూసి మోటారు సైకిలే కదా అనుకున్నాడు. దగ్గరికొచ్చాక అది బండంత వెడల్పు ఉందని తెలిసి, క్యాన్లతో సహా మురిక్కాలువలోకి దిగిపోయాడు. తడిసిన మనిషిని అన్నయ్య ఇంటికి తీసుకొస్తే, వదిన లోపలికెళ్ళి చేతికందిన చొక్కా తెచ్చి తొడిగి పంపించింది. అది కొడుకు కొత్త చొక్కా.

"ఇవాళ చొక్కా పోయింది. రేపు ఇంకేం పోతుందో!" అన్నాడు కొడుకు.

"పోతే పోయింది. మనిషి బాగున్నాడుగా," అంది వదిన.

రెండోసారి షాపుకెళితే, వేడి ఉండదని చెప్పి తెల్లటి ఎల్ఈడీ బల్బులు ఇచ్చాడు షాపతను. ఆ సాయంత్రం పెరట్లో వెలిగించి చూస్తే గోడ సున్నం వేసినట్టు మెరిసింది. అందరూ సంబరపడ్డారు. వేకువన రోడ్డెక్కితే మంచు పట్టి ఉంది. వెలుతురు మంచుకు కొట్టుకుని తిరిగి ఆయన ముఖం మీదికే వచ్చింది. పాలగిన్నెలో బండి నడుపుతున్నట్టుందట! ఎదురొచ్చే వాళ్ళ కళ్ళలో మాత్రం సూదులు గుచ్చినట్టు పడుతోంది. ఒక బస్సు డ్రైవరు బస్సును రోడ్డుకు అడ్డంగా ఆపి దిగి వచ్చాడు.

"ఏం పెద్దాయనా, సూర్యుణ్ణి బానెట్‌కి కట్టుకొచ్చావా?"

"నాకైతే దీపం పెట్టినట్టు కూడా లేదు నాయనా."

"నాకు రేపటి దాకా మచ్చలే కనబడతాయి!"

బస్సులో వాళ్ళు కూడా ఒక్కొక్కరే దిగి బండి చుట్టూ మూగారు. పసుపు బల్బులు వేయించమని ఒకరు, నీలంవి మంచివని ఇంకొకరు, అసలు పగటిపూట తిరగమని మరొకరు. ఆ సలహాలన్నీ అయ్యేసరికి తెల్లారిపోయింది. బేకరీలో గుడ్లు లేక ఆ పూట కేకులు లేవు. ఆ మర్నాటి నుంచి బేకరీ ఆయన అన్నయ్య కళ్ళముందే అట్టలు విప్పి, గుడ్లు ఒక్కొక్కటీ తిప్పి చూసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేదని అన్నయ్య తర్వాత చెప్పాడు.

పసుపు బల్బులూ అయ్యాయి. వేసిన ప్రతి జతా ముందటి జతకంటే మసకే. ఇక కొడుకు చెయ్యి చాచాడు.

"నాన్నా, తాళాలు నాకిచ్చెయ్. రేపటి నుంచి నేను నడుపుతా."

"నా కళ్ళు బాగానే ఉన్నాయిరా."

"ఆ మాట కంటి డాక్టరమ్మ అంటే నేను నోరు మూసుకుంటా. కాదంటే?"

అన్నయ్య తాళాలు బల్లమీద పెట్టాడు. "కాదంటే ఇవి నీవే," అన్నాడు. వదినను కూడా రమ్మంటే, "నాకు పనుంది, మీరు వెళ్ళిరండి," అని ముఖం తిప్పుకుంది.

కంటి ఆసుపత్రికి కొడుకు మోటారు సైకిలు మీద వెళ్ళారు. బెంచీ మీద కూర్చున్నంతసేపూ అన్నయ్య ఒక కన్ను మూసి గోడ గడియారం చూశాడు, రెండో కన్ను మూసి చూశాడు. రెండింటికీ ఒకే టైము కనబడింది. అయినా ధైర్యం రాలేదు. ఇంట్లో అందరూ నీకు కనబడటం లేదంటుంటే, కనబడేదాన్ని కూడా నమ్మలేం. బండి పోతే పోనీ అనుకున్నాడట. వేకువనే మెలకువ ఎలాగూ వస్తుంది. వచ్చాక లేచి ఎక్కడికి వెళ్ళాలి? ఆయనకు తెలియంది అదొక్కటే.

డాక్టరమ్మ దీపం వేసి చూసింది, అద్దాలు మార్చి చూసింది, బోర్డు చదివించింది. "మీ వయసులో కళ్ళు ఇలా ఉండటం అదృష్టం. హాయిగా బండి నడుపుకోండి," అంది.

కొడుకు లేచి నిలబడ్డాడు. "ఇంకోసారి చూడండి డాక్టర్ గారూ. ఆ బోర్డు మీద మూడో వరుసే నాకు కనబడట్లేదు. ఆయన అడుగు దాకా ఎలా చదివేశారు?"

డాక్టరమ్మ మెల్లగా కలం కిందపెట్టింది. "బాబూ, మీరొకసారి ఈ కుర్చీలో కూర్చోండి."

వెళ్ళేటప్పుడు కొడుకు నడిపిన మోటారు సైకిలును తిరిగొచ్చేటప్పుడు తండ్రి నడిపాడు.

ఇంటికి రాగానే కొడుకు కళ్ళద్దాల చీటీ జేబులో కుక్కుకుని తిన్నగా లోపలికి పోయాడు. అన్నయ్య పెరట్లోకి వెళ్ళాడు. అక్కడ వదిన బండి ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఒక చేతిలో గిన్నెలు తోమే పొడి, ఇంకో చేతిలో ఇనుప పీచు. అడుగంటిన గిన్నెను తోమినట్టు హెడ్‌లైటును బరబరా తోముతోంది.

"వచ్చారా? ఏమన్నారండీ, కళ్ళు ఎలా ఉన్నాయట?"

"బాగున్నాయట."

వదిన ఉన్నచోటే కూలబడింది. నురగ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. "మీరు చీకట్లో వెళుతుంటే నాకు ప్రాణం ప్రాణంలో ఉండదండీ. కాస్త వెలుగైనా ఎక్కువ వస్తుందని, వానలు మొదలైనప్పటి నుంచీ మీరు మధ్యాహ్నం పడుకున్నాక తోమి పెడుతున్నా. వాడు కళ్ళు అన్నాక ఇంకా గట్టిగా రుద్దుతున్నా."

అన్నయ్య లైటు మీద బొటనవేలితో రుద్ది చూశాడు. అది గాజు కాదు, ప్లాస్టిక్కు. గీత మీద గీత పడి, ఆరిన గంజిలా తెల్లబారిపోయింది. బల్బులు వెనక నుంచే బిగించడంతో ఇది ఎవరి కంటా పడలేదు. ఇన్నాళ్ళ బల్బులూ, పాలవాడూ, బస్సూ, విప్పిన గుడ్ల అట్టలూ అన్నీ ఆ వేలికొసకు తగిలాయి. చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పుడు ఆవిడ వేళ్ళు కనబడ్డాయి. ఇనుప పీచు కోసుకుని, కొసలన్నీ ఎర్రగా పొక్కిపోయాయి.

"బాగా మెరుస్తున్నాయి," అన్నాడు.

లోపల్నించి కొడుకు అరిచాడు. "కళ్ళు కాకపోతే ఆ షాపువాడే నకిలీ బల్బులు అంటగట్టాడు నాన్నా! రేపు నేనెళ్ళి తేల్చుకుంటా!"

"నువ్వొద్దులే, దారి కనబడదు నీకు. నేనెళ్తా."

షాపుకు వెళ్ళి, "ఈసారి లైట్లే మార్చెయ్, పై మూతతో సహా. బల్బులు మాత్రం మొట్టమొదట ఉన్న రకమే వెయ్యి," అన్నాడు. షాపతను మొదటిసారి కౌంటరు దాటి బయటికొచ్చి బండిని చూశాడు.

"ఎవరు గీకారు బాబాయ్ దీన్ని?"

"గీకలేదు. శుభ్రం చేశారు."

షాపతను ఆ గీతల మీద వేలు పెట్టి చూశాడు. "మా ఇంట్లో టీవీ కూడా అలాగే శుభ్రపడింది బాబాయ్," అని కొత్త లైట్లు తేవడానికి లోపలికి వెళ్ళాడు.

మర్నాడు వేకువన రోడ్డు రోడ్డులా కనబడింది. కొన్నాళ్ళకు బేకరీ ఆయన అట్టలు విప్పడం మానేశాడు. కొత్త లైట్లకు మెత్తటి గుడ్డ చాలని షాపతను గట్టిగా చెప్పాడని అన్నయ్య అంటే, వదిన సరేనంది. పని తగ్గిన మనిషి ఊరికే కూర్చోలేదు కదా! ఒక ఉదయం కొడుకు తన కొత్త కళ్ళజోడు పెట్టుకుని, మళ్ళీ చూపు తగ్గిపోయిందంటూ గోడ తడుముకుంటూ వచ్చాడు.

"అదేంట్రా, నిన్ననేగా దాన్ని తళతళా మెరిసేలా తోమాను!" అంది వదిన.

ఇదంతా అన్నయ్య నాకొక్కదానికే చెప్పాడు, నేను నీకు చెప్పాను. నువ్వు మరిచిపోకుండా మనసులో పెట్టుకుని, నీ తర్వాతి వాళ్ళకు చెప్పు. మా వదిన ఉన్నచోట చెప్పాల్సి వస్తే మాత్రం, తప్పంతా బల్బులదే అని చెప్పు.